మాస్టారి కొండకి నలభై మంది: రాతి పలక వద్దు, నోటు పుస్తకాలు తెరవండి

ప్రశ్న: మేం ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒకే తెలుగు మీడియం హైస్కూల్లో వేర్వేరు బ్యాచుల్లో చదువుకున్నాం. మా సోషల్ మాస్టారు రిటైరయ్యాక ఇరవయ్యేళ్లు ఊళ్లు తిరిగారు, కొండలెక్కారు. ఏడాదికోసారైనా మహేంద్రగిరి ఎక్కకపోతే ఆయనకి తోచేది కాదు. పోయిన ఆశ్వయుజంలో కాలం చేశారు. సంవత్సరీకం నాడు నలభై మందిమి కలిసి ఆ కొండెక్కాలనీ, పైన భీముడి గుడి దగ్గర ఆయన పేరున నల్లరాతి పలక సిమెంటుతో నిలబెట్టాలనీ, దాచి ఉంచిన కొద్దిపాటి అస్థికలు అక్కడే గాలిలో కలపాలనీ అనుకున్నాం. మాలో చిన్నవాడికి 46, పెద్దాయనకి 67. ముగ్గురికి షుగరు, ఒకాయనకి స్టెంటు. మాస్టారి భార్యకి 74. ఆవిడా వస్తానంటున్నారు. ఆయన తన నడకల లెక్కలు రాసుకున్న 11 నోటు పుస్తకాలు ఆవిడ దగ్గరున్నాయి. ఏది ఎలా చెయ్యాలో చెప్పండి. – పూర్వ విద్యార్థులు, పర్లాకిమిడి

సమాధానం: ముందు తేదీ మార్చండి. సంవత్సరీకం తిథి ప్రకారం ఇంట్లో జరిగేది. దాన్ని జరిపించుకోవడం ఇంటివాళ్ల పని. కొండ నడక మీ పని. రెంటినీ ఒకే రోజుకి కట్టేస్తే అటు ఆవిడకి ఊపిరాడదు, ఇటు మీకు వాతావరణం కుదరదు. ఆశ్వయుజమంటే మన వైపు తుఫానుల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి జనం చనిపోయారు. తుఫాను రాకపోయినా అక్టోబరులో నేల ఇంకా నాని ఉంటుంది. రాళ్ల మీద పాచి ఆరదు. దారికి రెండు పక్కలా గడ్డి నడుం దాకా పెరిగి, కాలు ఎక్కడ పెడుతున్నదీ కనబడదు. కాలు జారడానికైనా, పాముని తొక్కడానికైనా అంతకంటే వేరే కారణం అక్కర్లేదు.

నవంబరు చివరి వారం నుంచి జనవరి నెలాఖరు దాకా మంచి కాలం. ఫిబ్రవరి రానిస్తే శివరాత్రి జనం మొదలవుతారు, ఆ గుంపులో మీ నలభై మందిని లెక్కపెట్టుకోవడమే రోజంతా పనవుతుంది. మార్చి నుంచి ఎండుటాకు, కార్చిచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటితే ఉరుములూ పిడుగులూ. డిసెంబరులో ఒక ఆదివారం పెట్టుకోండి. అయితే ఆ నెలలో సాయంత్రం ఐదుంబావు దాటిందంటే పొద్దు గుంకినట్టే. ఈ కింద చెప్పే లెక్కలన్నిటికీ అదే గడువు.

ఇక పలక సంగతి. వద్దు. కొండ మీద చాలా భాగం అడవి, అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ ఒక్క తట్ట సిమెంటు కూడా వెయ్యకూడదు. ఒడిశా ప్రభుత్వం ఆ కొండని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా కూడా ప్రకటించింది. ఇక గుళ్ల సంగతి: కేంద్ర పురావస్తు చట్టం కిందికొచ్చే ఏ రక్షిత కట్టడం చుట్టూ అయినా 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత మరో 200 మీటర్లు అనుమతి ఉంటేనే. చట్టం మాట పక్కనబెట్టినా, ఆ కొండ మీద రాజేంద్రచోళుడు వేయించిన విజయశాసనం ఇప్పటికే ఉంది. జయించినవాళ్లు రాళ్ల మీద రాయించుకుంటారు. మీ మాస్టారు ఏటా వెళ్లి ఏటా దిగి వచ్చిన మనిషి, ఆయనకి ఆ అవసరం ఏముంది? పలక చెయ్యక తప్పదనుకుంటే స్కూలు ఆవరణలో పెట్టండి, హెడ్మాస్టరు రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే. పలక పక్కనే ఒక పనస మొక్క నాటితే ఇంకా మంచిది. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతున గొయ్యి తీసి వారం రోజులు ఎండనిచ్చి, తొలకరి వానలు పడ్డాక నాటండి. నాటడం ఒక్క పూట పని. మొదటి రెండు వేసవులు నీళ్లెవరు పోస్తారన్నదే అసలు ప్రశ్న. ఆ మనిషి పేరు ముందు తేల్చుకుని అప్పుడు పార పట్టండి.

అస్థికల విషయంలో మీ నలభై మంది ఓటుకి విలువ లేదు. ఆవిడ మాటే మాట. ఒక్కటి మాత్రం ఆవిడకి చెప్పండి: కొండ మీద నుంచి దిగే గెడ్డల నీళ్లే కింద సవర గిరిజనుల పల్లెలు తాగేవి. అస్థికలు పూర్తిగా బూడిద కావు, ఎముక ముక్కలుంటాయి. గాలి ఎదురు తిరిగితే వేసినవాళ్ల మొహం మీదే పడతాయి కూడా. మీ ఊరి పక్కన పారేది మహేంద్రతనయే. ఆ కొండ కూతురనే దానికా పేరు. బారువ దగ్గర సముద్రంలో కలిసే ఏరు పేరూ అదే. పురోహితుణ్ణి అడిగి ఈ రెండింట్లో ఒకచోట నీళ్లలో కలిపితే కొండకి చేరినట్టే.

ఇప్పుడు నోటు పుస్తకాలు. మీ ఉత్తరంలో వీటిని చివర ఒక్క వాక్యంలో తేల్చేశారు గానీ, అన్నిటికంటే విలువైనవి ఇవే. పని వీటితోనే మొదలుపెట్టాలి, నడకకి ముందే. ఎందుకంటే మీ నడకకి దారి అందులోనే ఉంది.

పుస్తకాలు ఎండలో ఆరబెట్టకండి, సిరా వెలిసిపోతుంది, కాగితం పెళుసెక్కుతుంది. చెమ్మ వాసన వస్తుంటే నీడలో, ఫ్యాను గాలి తగిలేచోట పేజీలు విడివిడిగా ఉండేలా నిలబెట్టండి. బూజుని తడిగుడ్డతో తుడవకండి, మెత్తని పొడి బ్రష్షుతో ఇంటి బయట దులపండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. చిరిగినచోట సెల్లోటేపు వేస్తే పదేళ్లలో జిగురు పసుపెక్కి అక్షరాలని మింగేస్తుంది. లామినేషన్ మరీ ఘోరం, ఇక వెనక్కి తీసే దారే ఉండదు. తుప్పు పట్టిన పిన్నులు మాత్రం నెమ్మదిగా విప్పి తీసి, ఆ చోట నూలు దారంతో కుట్టండి. ప్రతి పేజీ మూలన పెన్సిలుతో అంకె వెయ్యండి. పెన్ను వద్దు.

ఫోనుతోనే ఫొటోలు తియ్యవచ్చు. కిటికీ పక్కన టేబులు వేసి, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోను కింద నాలుగు లావు పుస్తకాలో స్టాండో పెట్టి కదలకుండా తియ్యండి. స్కానరుంటే 300 డీపీఐ, రంగుల్లో. నలుపు తెలుపులో తీస్తే ఆయన ఎర్ర పెన్సిలుతో గీసిన గీతకీ, నీలం సిరాకీ తేడా పోతుంది. దారిపటాల్లో ఆ తేడాయే ముఖ్యం. ఒక్కో పుస్తకం 200 పేజీలనుకుంటే మొత్తం 2200 పేజీలు, తెరిచిన రెండు పేజీలకి ఒక ఫొటో చొప్పున 1100. ఇద్దరు కూర్చుంటే గంటకి 150 దాటవు. అంటే రెండు ఆదివారాలు. ఫైలు పేర్లు పుస్తకం నంబరు, పేజీ నంబరు వరసలో పెట్టండి. ఒక కాపీ పర్లాకిమిడిలో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న మీ వాళ్ల ఇంట్లో. రెండూ ఒకే ఇంట్లో ఉంటే అవి ఒకటి కిందే లెక్క. అచ్చు వేయించాలన్నా, నెట్‌లో పెట్టాలన్నా ఆవిడ సంతకంతో కాగితం తీసుకోండి. రాసిన మనిషి బతికుండగా అచ్చుకాని రాతలకి, మొదటిసారి అచ్చయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల దాకా కాపీరైటు వారసులదే. ఇంట్లో అప్పుల లెక్కలో, ఎవరి మీదైనా కోపంతో రాసుకున్నవో కనబడితే ఆ పేజీలు ఆవిడ చూసి సరేనన్నాకే బయటికి రావాలి.

ఎత్తి రాసేటప్పుడు ఊళ్ల పేర్లు దిద్దకండి. మనం పర్లాకిమిడి అంటాం, ఒడియా వాళ్లు పారళాఖేముండి అంటారు, కొండ మీద ఊళ్లకి సవర పేర్లు వేరే ఉంటాయి. మాస్టారు చెవికి ఎలా వినబడిందో అలాగే రాసి ఉంటారు, అలాగే ఉంచి పక్కన బోర్డు మీది పేరు రాయండి. ఈ జాగ్రత్త మీ ఊరికి కొత్త కాదు. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో పంతులుగా పనిచేస్తూనే సవర భాష నేర్చుకుని, వాళ్ల నోట విన్నది విన్నట్టు రాసుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది.

మహేంద్రగిరి పేజీలన్నీ విడిగా తీస్తే మీకు కనబడేవి కథలు కాదు, అంకెలు: ఫలానా చోట బయల్దేరింది 6.10, మొదటి గెడ్డ 7.25, నీళ్లున్నాయి, మర్రి దగ్గర అరగంట. ఇలాంటి నాలుగు పేజీలు పక్కపక్కన పెట్టి చూడండి. ఏ గెడ్డ ఏ నెలలో ఎండిపోతుందో, ఎక్కడ ఆయన ప్రతిసారీ ఆగారో తేలిపోతుంది. ఇరవయ్యేళ్ల పుస్తకాలు కాబట్టి ఆయన వేగం ఏ ఏడాది నుంచి తగ్గిందో కూడా తెలుస్తుంది. మీ అరవై దాటినవాళ్లకి కావలసింది ఆ చివరి సంవత్సరాల లెక్కే, మొదటివి కాదు.

ఆ కాగితాలు పట్టుకుని, అసలు నడకకి రెండు మూడు వారాల ముందు నలుగురు వెళ్లి దారి చూసి రావాలి. వెంట ఆ కొండ కింది ఊరి సవర మనిషి ఒకరుండాలి. కూలి ముందే మాట్లాడుకోండి, భోజనం మీతోనే. ఊరి పెద్దని, వాళ్లు గొమాంగో అంటారు, కలిసి నలభై మంది ఫలానా రోజున వస్తున్నామని చెప్పండి. చెప్పకుండా గుంపుగా ఊళ్లో దిగడం మర్యాద కాదు. అటవీశాఖ జిల్లా అధికారి (డీఎఫ్ఓ) ఆఫీసులో కూడా ఒక ఉత్తరం ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. దారి చూసేటప్పుడు ఫోన్లో జీపీఎస్ నడక రికార్డు పెట్టుకుంటే దూరం, ఎత్తు రెండూ చేతికొస్తాయి.

వాటితో సమయం లెక్కగట్టండి. నైస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: ప్రతి 5 కిలోమీటర్లకి గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. దారి 6 కిలోమీటర్లు, ఎక్కుడు 600 మీటర్లు అనుకుందాం. 2 గంటల 12 నిమిషాలొస్తుంది. అది అలవాటున్న కుర్రాళ్లకి. మీ గుంపుకి ఒకటిన్నర రెట్లు చాలదు, 1.75తో గుణించండి: దగ్గర దగ్గర 4 గంటలు. ఆగిన సమయం అరగంట కలపండి. ఆరున్నరకి కదిలితే పదకొండుకి పైన. పన్నెండయ్యేసరికి పైకి చేరనివాళ్లు ఎక్కడున్నా అక్కడి నుంచే వెనక్కి అని బయల్దేరేముందే అందరిచేతా ఒప్పించండి. పైకొచ్చాక ఒంటి గంటకి దిగడం మొదలుపెడితే మూడు గంటలు, నాలుగుకి కింద. పొద్దు గుంకడానికి గంట పైచిలుకు మిగులుతుంది. ఆ గంట కాలు బెణికినవాడి కోసం. దాన్ని పైన ఫొటోలకి ఖర్చుపెట్టకండి.

నలభై మంది ఒక్క వరసలో నడిస్తే తలకీ తోకకీ మధ్య అరగంట తేడా వస్తుంది. ఎనిమిదేసి మందిగా అయిదు జట్లు చెయ్యండి. ప్రతి జట్టుకీ ముందొకరు, వెనకొకరు నిలకడ గల మనుషులు. అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లని ముందు మనిషి వెనకే పెట్టండి, తోకన కాదు. తోకన పెడితే ఏమవుతుందంటే, ముందువాళ్లు ఆగి, మంచినీళ్లు తాగి, కబుర్లు చెప్పుకుని, వెనకవాళ్లు రొప్పుకుంటూ వచ్చి చేరగానే "సరే పదండి" అని లేస్తారు. బలమున్నవాడికి పావుగంట విశ్రాంతి, లేనివాడికి అరనిమిషం. గుంపు నడకల్లో మనిషి కూలబడిపోయేది ఎక్కువగా ఇందుకే. ఆఖరి మనిషి వచ్చి కూచున్నాక ఆరేడు నిమిషాలు లెక్కబెట్టి అప్పుడు లేవండి. ప్రతి 45 నిమిషాలకీ ఒకసారి చాలు. జట్టుకో ఈల ఉండాలి. ఆపదైతే నిమిషంలో ఆరుసార్లు ఊది, నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి. విన్నవాళ్లు మూడు ఈలలతో బదులివ్వాలి. లోయల్లో ఫోను పలకదు.

కొండ మీదికి కోయిన్‌పూర్ వైపు నుంచి బండి దారి ఉంది. మాస్టారి భార్య సంగతి దీనితో తేలుతుంది: ఆవిడ జీపులో వచ్చి పైన మిమ్మల్ని కలుసుకుంటారు. వారం ముందు ఆ వైపు జీపు నడిపేవాణ్ణి అడిగి దారి ఎలా ఉందో కనుక్కోండి, వానల తర్వాత గండ్లు పడి ఉండొచ్చు. ఆవిడకి తోడు ఒక ఆడమనిషి, దుప్పటి, కుర్చీ. కింద కంటే పైన 9, 10 డిగ్రీలు తక్కువ ఉంటుంది, పైగా గాలి. అన్నం, నీళ్లు కూడా అదే బండిలో పైకి వెళ్తే నడిచేవాళ్ల సంచి మూడు నాలుగు కిలోలు దాటదు. మనిషికి రోజుకి 3 లీటర్ల నీళ్లు: రెండు భుజాన, ఒకటి బండిలో. జీపు సాయంత్రం దాకా పైనే ఉండాలి, డ్రైవరుతో ఆ మాట ముందే అనుకోండి. 108 అంబులెన్సు తారు రోడ్డు దాకా వస్తుంది గానీ డొంకలో ఎక్కిరాదు.

స్టెంటాయన ముందు గుండె డాక్టరుకి చూపించుకుని, కొండెక్కుతానని స్పష్టంగా చెప్పి అనుమతి తీసుకోవాలి. "కొంచెం నడక" అని చెబితే డాక్టరు పార్కు అనుకుంటాడు. నాలుగంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కి, పైన మామూలుగా మాట్లాడలేకపోతే డాక్టరు దాకా వెళ్లక్కర్లేదు, ఆయన జీపెక్కడమే. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటూ ఉంటే చిన్న గాయమైనా ఆగకుండా కారుతుంది. గాజుగుడ్డ పెట్టి పది నిమిషాలు వదలకుండా నొక్కాలి, మధ్యలో తీసి చూడకూడదు.

షుగరువాళ్లకి అసలు భయం షుగరు పెరగడం కాదు, పడిపోవడం. గంటల తరబడి ఎక్కుడు, పైగా పొద్దున్నే వేసుకున్న మాత్రో ఇన్సులినో. చల్లగాలిలో కూడా చెమట, చేతుల వణుకు, అయినదానికీ కానిదానికీ విసుక్కోవడం. పక్కవాళ్లు అలసటనుకుంటారు. వెంటనే మూడు టీస్పూన్ల పంచదార, అంటే 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకి మళ్లీ పరీక్షించాలి. ఆ రోజు మందు ఎంత తగ్గించాలో డాక్టరునే అడగండి. ముగ్గురూ ఒకే జట్టులో ఉండకూడదు. ఓఆర్ఎస్ పొట్లం లీటరు నీళ్లకి ఒకటి. గ్లాసులో పొట్లమంతా పోస్తే ఉప్పెక్కువై వాంతి వస్తుంది.

చెప్పుల దగ్గర చాలామంది మోసపోతారు. ఎప్పుడో కొని అలమారాలో దాచిన మంచి బూట్లు పైకి కొత్తగానే కనబడతాయి. లోపల అడుగుభాగం తేమకి మగ్గిపోయి ఉంటుంది. రెండో గంటలో మడమ దగ్గర నోరు తెరుస్తుంది, పావుగంటలో అట్ట మొత్తం ఊడి చేతికొస్తుంది. ఇంట్లోనే బూటుని రెండు చేతులా వంచి, అతుకులో గోటితో నొక్కి చూడండి. పొడి రాలినా, పగులు కనబడినా పారెయ్యడమే. కొత్తవి కొంటే నెల ముందే కొని 40 కిలోమీటర్లయినా తొడిగి నడవండి. జట్టుకో పాత సైకిల్ ట్యూబు ముక్కలు నాలుగు సంచిలో ఉంటే, ఊడిన అట్టని బిగించి కట్టుకుని కిందికి చేరవచ్చు. కాలి గోళ్లు మూడు రోజుల ముందే కత్తిరించుకోండి. దిగుడులో వేళ్లు ముందుకి తోసుకుపోయి గోళ్లు నల్లబడతాయి. మోకాళ్లు నొప్పెట్టేది కూడా దిగేటప్పుడే, కర్ర చేతిలో ఉండాలి. వీటన్నిటికీ రెండు నెలల ముందు నుంచి వారానికి మూడు రోజులు ముప్పావుగంట నడక, చివరి రెండు వారాల్లో నాలుగు కిలోల సంచితో 8 కిలోమీటర్లు ఒకసారి. అది చెయ్యనివాళ్లకి కూడా జీపుంది, చిన్నతనం ఏమీ లేదు.

తిండి: బయల్దేరే ముందు చోడి (రాగి) అంబలి, పైన చింతపండు పులిహోర. అన్నం పూర్తిగా చల్లారాకే డబ్బాల్లో పెట్టండి. వేడి మీద మూత వేస్తే మధ్యాహ్నానికి జిగటొస్తుంది. పెరుగన్నం బండిలో కుదుపులకీ ఎండకీ పులిసిపోతుంది.

పైన కార్యక్రమం ఇరవై నిమిషాలు మించకూడదు. ఫ్లెక్సీ వద్దు, మైకు వద్దు, ప్లాస్టిక్ దండ వద్దు. అగరొత్తులు, కర్పూరం కూడా వద్దు. పెద్ద బండల కింద కొండ తేనెపట్లు ఉంటాయి. పొగ తగిలితే, ఘాటైన సెంటు వాసన వచ్చినా, అవి లేస్తాయి. లేస్తే మోకాళ్ల నొప్పివాళ్లూ పరిగెత్తాల్సిందే. మామూలు పూలు చాలు. ఆయన మహేంద్రగిరి గురించి రాసిన పేజీ ఒకటి ఆవిడనే ఎంచమనండి. చదివేవాళ్లు గాలికి వీపు పెట్టి నిలబడాలి, వినేవాళ్లు గాలి పోయే వైపు కూచోవాలి. అప్పుడు గొంతు చించుకోకుండానే నలభై మందికీ వినబడుతుంది. చదవాల్సింది జిరాక్సు కాపీ, పారదర్శకమైన ప్లాస్టిక్ కవరులో పెట్టింది. అసలు పుస్తకం కొండెక్కకూడదు.

దిగి వచ్చిన రాత్రే, మర్చిపోకముందే, ఒకరు కూర్చుని ఆ రోజు సమయాలు రాయండి: ఎక్కడ ఎన్నింటికి, ఏ గెడ్డలో నీళ్లున్నాయి, ఏ మలుపులో దారి తప్పబోయారు, ఏ రాయి కదిలింది. మాస్టారి చివరి నడక సమయాలు ఒక గడిలో, మీవి పక్క గడిలో. పన్నెండో నోటు పుస్తకం కొని మొదటి పేజీలో అది ఎక్కించి, మిగతా పదకొండింటితో పాటు ఆవిడ బీరువాలోనే పెట్టించండి. తాళం ఆవిడ దగ్గరే ఉండాలి.